దీపం పన్ను

లచ్చన్న కిళ్లీని బుగ్గన పెట్టుకుని రెండుసార్లు నమిలాడు. మూడోసారి దవడ కదల్లేదు.

మాన్‌హటన్‌లోని ఆ పార్కు బెంచీ మీద అతని పక్కనే ఏజెంట్ కృష్ణమోహన్ కూర్చుని ఉన్నాడు. కళ్లకు నల్లద్దాలు, ఒళ్లో న్యూస్‌పేపర్, పేపర్ కింద సైలెన్సర్ బిగించిన పిస్టల్. బస్సు దిగేవాళ్లని చూస్తున్నాడు, చెట్ల వెనక నీడల్ని చూస్తున్నాడు, హాట్‌డాగ్ బండివాడి చేతుల్ని కూడా చూస్తున్నాడు. చూడనిదల్లా పక్కవాడి నోరు. లచ్చన్న తల మెల్లగా వచ్చి అతని భుజం మీద వాలేదాకా అతనికి ఏమీ తెలియలేదు.

అంబులెన్స్ వచ్చింది. హార్ట్ ఎటాక్ అన్నారు. ఎవరూ చూడకుండా కృష్ణమోహన్ చనిపోయినవాడి పెదవి మీంచి ఒక లవంగాన్ని తీసి చేతి రుమాల్లో చుట్టుకున్నాడు. కిళ్లీకి గుచ్చే లవంగమే. కానీ వేలికి చల్లగా, ఇనుములా తగిలింది.

అది 1982 వేసవి.

మర్నాడు న్యూజెర్సీలో ఒక సూపర్‌మార్కెట్ పార్కింగ్ లాట్‌లో, చెక్క రంగు పలకలున్న స్టేషన్ వాగన్‌లో బ్రీఫింగ్ జరిగింది. స్టీరింగ్ వెనక చీఫ్ నరసింహ. బట్టతల, మోచేతుల దాకా మడిచిన చొక్కా, ఒళ్లో కూరగాయల సంచి. న్యూయార్క్‌లో భారత ప్రభుత్వం తరఫున రహస్యపు పనులన్నీ చక్కబెట్టేది ఆయనే అంటే ఎవరూ నమ్మరు. అందుకే ఆయన్ని పెట్టారు.

“లవంగాన్ని ల్యాబ్‌కి పంపాను,” అన్నాడు. “శాంతమోర్ దీవి గురించి నీకెంత తెలుసు?”

“మన శ్రీకాకుళం వైపు కూలీల్ని ఓడల్లో తీసుకెళ్లి చెరకు నరికించిన దీవి. ఇంకా తెల్లవాడి జెండా కిందే ఉంది. అంతే సార్.”

“అక్కడ దీపానికి పన్ను ఉంది.”

“దేనికి?”

“దీపానికి. పొద్దు గుంకాక తెల్లవాడి మనిషి సముద్రంలో పడవేసుకుని తిరుగుతాడు. ఒడ్డున ఎవరింట్లో వెలుగు కనిపిస్తే ఆ ఇంటికి పన్ను. పన్ను కట్టాలంటే రొక్కం కావాలి. రొక్కం కావాలంటే కంపెనీ చెరకు తోటలోకి కూలికి వెళ్లాలి. వాడికి కావలసింది పన్ను కాదయ్యా, కూలీలు. పన్ను పేరు చెప్పి మనుషుల్ని వసూలు చేస్తున్నాడు. అక్కడ స్వాతంత్ర్యం గొడవ మొదలైంది ఆ దీపం దగ్గరే.”

ఈ సంగతి వలస పాలన కింద ఉన్న ప్రజల విచారణ మండలి ముందు చెప్పడానికే లచ్చన్న వచ్చాడు. సోమవారం విచారణ. సాక్షి లేకపోతే ఫైలు శాశ్వతంగా మూసేస్తారు. తోటల కంపెనీ నడిపే గూఢచారి ముఠా ఒకటుంది, దాని పేరు కోరల్ రింగ్. వాళ్లకి కావలసింది కూడా అదే.

“ఇంకో సాక్షి బయల్దేరింది,” అన్నాడు నరసింహ. “పేరు సింహాద్రమ్మ. ముసలావిడ. కోరల్ దగ్గర ఆవిడ ఫోటో లేదు. ఎక్కడ దాస్తావు?”

కృష్ణమోహన్ ముందే ఆలోచించుకున్నాడు. పైకి అతనొక ట్రావెల్ ఏజెంట్. న్యూజెర్సీలోని తెలుగు ఇళ్లకి ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల్ని ఎయిర్‌పోర్ట్‌లో దించుకుని ఇంటికి చేర్చడం అతని పని. ఈ వేసవిలో అలా వచ్చిన పెద్దవాళ్లు ఊరినిండా ఉన్నారు. వాళ్లలో ఇంకో ముసలావిడని కలిపేస్తే పట్టుకునే మొనగాడెవడు?

“మా పెద్దమ్మ అని చెప్పి ఒక తెలుగు ఇంట్లో పెడతాను సార్. ఏ తెల్లవాడూ ఆ గడప తొక్కడు.”

“నీ ఉషాకి చెప్పావా?”

“మనవాళ్ల మధ్య సేఫ్‌గా ఉంటుందని చెప్పాను. ఏ ఇల్లో చెప్పలేదు.”

ఉషా పేరెత్తినప్పుడు అతని గొంతు కాస్త మెత్తబడింది. నరసింహ అది విన్నాడు. ఉషా తెలుగు ఇళ్లకి పట్టుచీరలు అమ్ముతుంది. ఎర్ర కామారో కారు, స్లీవ్‌లెస్ జాకెట్టు, వంద గజాల ముందే తెలిసే సెంటు. ఫ్లైట్‌లో తాజా తమలపాకులు తెప్పించగలిగిన మనిషి కాబట్టి ఆమె లేని పేరంటం ఉండదు. కోరల్‌కి కొరియర్‌గా పనిచేస్తూ వాళ్ల సంగతులు కృష్ణమోహన్‌కి చేరవేస్తోంది. చేరవేస్తోందనే అతను నమ్ముతున్నాడు.

*

ఎయిర్‌పోర్ట్‌లో కోడ్ ప్రకారం అతను “కిటికీ పక్కన సీటు దొరికిందా?” అని అడగాలి. ఆవిడ “నాకు చలి పడదు” అనాలి.

అడిగాడు. సింహాద్రమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. ఎండిపోయిన చేతులు, నుదుట కాసంత బొట్టు.

“దొరికింది బాబూ. నువ్వు అన్నం తిన్నావా?”

ఆవిడని గుర్తుపట్టడానికి ఇంక కోడ్ అక్కర్లేకపోయింది.

రవికుమార్, వసుమతిల ఇంట్లో దించాడు. రవికుమార్ టెలిఫోన్ కంపెనీలో ఇంజినీరు. వసుమతికి అతిథి వస్తే పండగ. “మా పెద్దమ్మండీ, హై బీపీ. విజిటర్స్ ఎవరూ వద్దు, ఎవరికీ చెప్పొద్దు,” అని కృష్ణమోహన్ ఒకటికి పదిసార్లు చెప్పాడు. వసుమతి పదిసార్లూ తలూపింది.

పొద్దు గుంకింది. వసుమతి దేవుడి దగ్గర దీపం పెట్టింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినగానే సోఫాలో ఉన్న సింహాద్రమ్మ దిగ్గున లేచి, గబగబా కిటికీల దగ్గరికి వెళ్లి పరదాలన్నీ మూసేసింది. మూసి, సందుల్లోంచి వెలుగు బయటికి పోతోందేమో అని వేళ్లతో తడిమి చూసింది.

వసుమతి వంటింట్లోకి వెళ్లాక కృష్ణమోహన్ మెల్లగా అన్నాడు. “ఇక్కడ పడవ లేదు పెద్దమ్మా.”

“తెలుసు బాబూ. సేతులకి తెలదు గదా.” ఆవిడ వచ్చి కూర్చుంది. “పుట్టినకాడ్నించి దీపం ఎట్టడం, పరదా ఎయ్యడం. పిల్లలు ఏడిత్తే పాలకంటే ముందు పరదా సూసుకునేవోలం. ఓ నాడు మా ఆయన అప్పన్న దీపం అట్టుకెళ్లి వీధి అరుగు మీద ఎట్టీసినాడు. ఏటి పని అంటే, దాసుకుని ఎలిగించుకున్నది దీపవేటే అన్నాడు. మర్నాడు పక్కింటోలు ఎట్టినారు. వారం తిరగ్గానే ఒడ్డంతా ఎలుగే. అప్పుడు తుపాకులొచ్చినాయి.”

“ఆయన?”

“జైల్లో పోనాడు. మా దీవిలో బొట్టు తియ్యరు బాబూ. అన్నీ పన్నుకే పోనాయి, అదొక్కటైనా ఉండనీ అనుకున్నాం.”

 కృష్ణమోహన్ ఆవిడకి కొత్త పేరిచ్చాడు, కొత్త చీర కట్టించాడు, కొత్త ఊరు నేర్పాడు. కళ్ల ముందే కనబడిన ఆ అలవాటుకి మాత్రం మారువేషం వెయ్యాలని అతనికి తట్టలేదు.

*

శుక్రవారం సాయంత్రం కృష్ణమోహన్ వచ్చేసరికి ఆ వీధి నిండా కార్లు ఉన్నాయి. 

గుమ్మంలో వసుమతి పట్టుచీరలో వెలిగిపోతోంది. “తిట్టకండి అన్నయ్యగారూ. వరలక్ష్మీ వ్రతం. ఇంట్లో పెద్దముత్తయిదువ ఉండగా పేరంటం పెట్టకుండా ఎలా ఊరుకుంటాను? ఎక్కువమందిని పిలవలేదు, మనవాళ్లనే.”

మనవాళ్లంటే మైళ్ల దూరం నుంచి వచ్చినవాళ్లు. వాళ్లతోపాటు వాళ్లింట్లో దిగిన అమ్మలు, అత్తగార్లు. అన్నపూర్ణమ్మగారు, రత్నంగారు, ఇంకా పేర్లు తెలియని పెద్దవాళ్లు, అందరూ పట్టుచీరల్లో వరసగా కూర్చున్నారు. కోరల్ రింగ్ ఇల్లిల్లూ గాలించినా దొరకని మనుషుల్ని వసుమతి ఒక్క పేరంటంతో ఒకచోట చేర్చి పెట్టింది. ఇంత సులువుగా ఏ గూఢచారికీ పని జరిగి ఉండదు.

“మగవాళ్లంతా గరాజ్‌లో అన్నయ్యగారూ,” అంటూ ఆవిడ దారి చూపించింది.

గరాజ్‌లో రవికుమార్, ఇంకో నలుగురు మడతకుర్చీల్లో కూర్చుని పేకాడుతున్నారు. గ్రీన్ కార్డు కబుర్లు నడుస్తున్నాయి. వంటింట్లోకి తెరుచుకునే తలుపు పక్కన నిలబడ్డాడు కృష్ణమోహన్. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వంటిల్లు దాటి హాలు కనిపిస్తుంది. మూసుకుంటే ఏమీ కనబడదు. చెవిలో వినికిడి యంత్రం ఉంది. నిజానికి అది రేడియో రిసీవర్. సూపర్‌మార్కెట్ దగ్గర కారులో ఉన్న నరసింహ మాట అందులో వినిపించాలి. డిపార్ట్‌మెంట్ తయారుచేసిన వస్తువు కాబట్టి సగం సమయం ఏదో స్టేషన్ నుంచి బేస్‌బాల్ కామెంటరీ వస్తుంది.

తలుపు తెరుచుకుంది. సెంటు వాసన ముందొచ్చింది. వెనక ఉషా, చేతిలో వెండి తమలపాకుల పెట్టె.

“కృష్ణా, నువ్వూ ఇక్కడేనా,” అంది చిన్నగా నవ్వి. “రిలాక్స్. లోపల నేను చూసుకుంటాను.”

అతనికి నిజంగానే ప్రాణం కుదుటపడింది. తను వెళ్లలేని చోట తన మనిషి ఉంది.

మళ్లీ తలుపు తెరుచుకునేసరికి హాల్లో అమ్మవారి ముందు దీపం వెలిగిస్తున్నారు. అగ్గిపుల్ల గీశారు. వరసలో కూర్చున్న ముసలివాళ్లందరూ చేతులు జోడించారు. ఒక్కావిడ లేచింది. కిటికీల దగ్గరికి వెళ్లి ఒక్కొక్క పరదా లాగి, సందులు తడిమి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది. ఎవరూ పట్టించుకోలేదు. ఉషా మాత్రం పాడుతున్న పాట మధ్యలో ఆపి అటు చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపు కృష్ణమోహన్‌కి నచ్చలేదు. తలుపు మూసుకుంది.

చెవిలో బేస్‌బాల్ ఆగి నరసింహ గొంతు వచ్చింది.

“ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. లవంగం కాదది, స్టీల్ క్యాప్సూల్. లోపల విషం. పంటితో కొరికితే గుండె ఆగిపోతుంది. లచ్చన్నకి ఆ కిళ్లీ హోటల్లో ఎవరిచ్చారో బెల్‌బాయ్ గుర్తుపట్టాడు. పట్టుచీరలమ్మే ఆవిడ. వింటున్నావా? ఉషా కోరల్ మనిషి. మొదట్నుంచీ.”

కృష్ణమోహన్ వింటున్నాడు. నరసింహకి జవాబు చెప్పే ఏర్పాటు ఆ యంత్రంలో లేదు.

తలుపు మీద చెయ్యి వేశాడు. రవికుమార్ కుర్చీలోంచి లేచి అడ్డం వచ్చాడు.

“మోహన్‌గారూ, లోపల హారతి అవుతోందండీ. ఇప్పుడు మగాళ్లం వెళితే మా ఆవిడ ఊరుకోదు.”

“అర్జెంటండీ.”

“బాత్‌రూమ్ అయితే పక్కింటివాళ్లది వాడుకోవచ్చు. చెప్పి ఉంచాను.”

పేకాడే నలుగురూ జాలిగా చూస్తున్నారు. పిస్టల్ తీస్తే ఈ నలుగురూ అరుస్తారు, లోపల ఇంటినిండా ఆడవాళ్లు. కేకేస్తే ఉషా తొందరపడుతుంది. కరాటేలో బ్లాక్ బెల్ట్, నాలుగు భాషలు, గురి తప్పని చెయ్యి, ఏదీ పనికి రాలేదు. తలుపు సందులోంచి మాటలు వినబడుతున్నాయి. “పెద్దమ్మగారూ, నా చేత్తో కట్టిన కిళ్లీ. ఒక్కసారి రుచి చూడండి.” అది ఉషా గొంతు. ఆ గొంతుని ఇన్నాళ్లూ ఇష్టంగా విన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

చుట్టూ చూశాడు. గోడకి బూడిదరంగు ఇనప డబ్బా ఉంది. ఇంటి మొత్తానికి ఫ్యూజ్ పెట్టె. మూత లాగి మెయిన్ స్విచ్ కిందికి కొట్టాడు.

ఇల్లంతా చీకటయింది. లోపల ఆడవాళ్లు గొల్లుమన్నారు. రవికుమార్ కంగారులో పక్కకి తప్పుకున్నాడు. కృష్ణమోహన్ జేబులోంచి పెన్ టార్చ్ లాగి వంటింట్లోకి దూకాడు. దీపం వెలుగులో ఉషా చేతిని పట్టుకోవాలన్నది అతని ఆలోచన. హాల్లోకి వచ్చేసరికి దీపం కూడా లేదు. కటిక చీకటి. ఎక్కడో ఇత్తడి గిన్నె ఠంగుమంది.

ఆలస్యమైపోయింది అనుకున్నాడు. టార్చ్ వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ వెలుగులో ఏం చూడాల్సి వస్తుందో అతనికి తెలుసు.

వేశాడు.

సింహాద్రమ్మ అమ్మవారి ముందు మోకాళ్ల మీద ఉంది. రెండు చేతులతో పానకం గిన్నెని దీపం మీద బోర్లించి పట్టుకుని ఉంది. పానకమంతా కార్పెట్ పాలైంది. గిన్నె అంచు ఒక పక్క కొంచెం ఎత్తి పట్టుకుంది, దీపానికి ఊపిరాడటానికి.

వీధిలో ఒక్కసారిగా వెలుగు పోయిందంటే పన్నువాళ్లు వస్తున్నారని శాంతమోర్‌లో అర్థం. అప్పుడు నోట్లో ఏముంది, చేతిలో ఏముంది అని ఎవరూ చూసుకోరు. రెండు చేతులూ దీపం మీదికే వెళతాయి. నోటి దాకా వచ్చిన కిళ్లీని ఆవిడ ఎక్కడ విసిరేసిందో ఆవిడకే తెలియదు.

తెలుసుకోవాలని చూస్తున్నది ఉషా. పట్టుచీర పానకంలో తడుస్తుండగా కార్పెట్ మీద మోకాళ్లతో పాకుతూ లవంగం కోసం వెతుకుతోంది. టార్చ్ వెలుగు మొహం మీద పడగానే ఆగింది. కిళ్లీ కృష్ణమోహన్ బూటు పక్కనే ఉంది. వంగి, రుమాలుతో తీసుకున్నాడు.

ఎవరో మెయిన్ వేశారు. లైట్లు వచ్చాయి. సింహాద్రమ్మ గిన్నె ఎత్తింది. దీపం వెలుగుతూనే ఉంది. వసుమతి గుండెల మీద చెయ్యి వేసుకుని అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది.

ఉషా లేచి చీర దులుపుకుని తాపీగా బయటికి నడిచింది. కృష్ణమోహన్ కారు దాకా వెంట వెళ్లాడు.

“పోలీసుల్ని పిలుస్తావా?” అంది ఆమె. “ఏమని చెప్తావు? ఈ దేశంలో నువ్వు టికెట్లు అమ్ముకునేవాడివి. నేను చీరలమ్ముకునేదాన్ని.”

“లచ్చన్నని ఎందుకు చంపావు?”

“నువ్వు పక్కనే ఉన్నావుగా, ఆపలేకపోయావే?”

అతని చెయ్యి జేబులోకి వెళ్లింది. పిస్టల్ ఉంది. ఇరుగుపొరుగువాళ్లు పచ్చికలకి నీళ్లు పట్టుకుంటూ చూస్తున్నారు. ఇంతలో వసుమతి పరుగెత్తుకుంటూ వచ్చింది. “ఉషాగారూ, తాంబూలం తీసుకోకుండా వెళ్తారేంటండీ,” అని రవికల గుడ్డ, అరటిపళ్లు, నానబెట్టిన శనగలు ఆమె చేతిలో పెట్టి బొట్టు పెట్టింది. హంతకురాలు ముత్తయిదువలా వంగి అందుకుని కారెక్కింది. ఎర్ర కామారో వీధి మలుపు తిరిగేదాకా కృష్ణమోహన్ అలాగే నిలబడిపోయాడు.

*

సోమవారం సింహాద్రమ్మ మండలి ముందు నిలబడింది. కృష్ణమోహన్ సందర్శకుల గ్యాలరీలో వెనక వరసలో ఉన్నాడు.

“ముందు పన్ను తగ్గించమన్నాం,” అంది ఆవిడ. “మీరు ఇనలేదు. తరవాత పన్ను తియ్యమన్నాం. తుపాకులంపినారు. ఇప్పుడు పన్ను ఊసు ఎత్తటం నేదు. మిమ్మల్నే ఎల్లిపొమ్మంటన్నాం. ఇదంతా ఒక్క దీపం దగ్గిర మొదలయింది. ఆ దీపాన్ని మానాన ఒదిలేసుంటే, మీరు ఇంకొన్నాళ్లు ఉండేవోలేమో.”

అనువాదకుడు దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ ‘మీరు’ అన్న ఆ పాలక దేశపు కుర్చీ ఖాళీగా ఉంది. అధ్యక్షుడు మర్యాదగా థాంక్స్ చెప్పి, ఫైలు మూసెయ్యడం లేదనీ, విచారణ వచ్చే ఏడాదికి వాయిదా వేస్తున్నామనీ ప్రకటించాడు. సుత్తి కొట్టాడు. తరవాతి అంశం పిలిచారు. ఇంత ప్రయాణం, ఒక చావు, ఇంకో చావు తప్పిన గండం, అన్నీ కలిపి ఒక వాయిదా. కృష్ణమోహన్ పిడికిళ్లు బిగించుకుని కూర్చున్నాడు. అంతకన్నా ఆ గ్యాలరీలో చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఎయిర్‌పోర్ట్‌లో వీడ్కోలు చెప్పడానికి నరసింహ కూడా వచ్చాడు. కూరగాయల సంచిలోంచి టెలెక్స్ కాగితం తీసి కృష్ణమోహన్‌కిచ్చాడు. చదువుతుంటే అతని మొహం పాలిపోయింది.

“ఏటి బాబూ?” అంది సింహాద్రమ్మ.

చెప్పకుండా ఉండలేకపోయాడు. “దీపం పన్ను రద్దు చేశారు పెద్దమ్మా.”

ఆవిడ నమ్మలేదు. అతని మొహంలోకి చూసింది.

“దాని బదులు కిటికీ పరదాల మీద పన్ను వేశారు.”

ఉషా పంపిన రిపోర్ట్‌లో ఏముందో ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవిడ ప్రాణం కాపాడగలిగాడు. ఆవిడ అలవాటుని కాపాడలేకపోయాడు. “నా తప్పు పెద్దమ్మా,” అన్నాడు. “ఆమెని వెళ్లనిచ్చాను. అక్కడ దిగగానే మిమ్మల్ని పట్టుకుంటారు. నేను ఈ గేటు దాటి రాలేను.”

“పట్టుకుంటారు,” అంది ఆవిడ, అదేం కొత్త సంగతి కానట్టు. కాసేపు చేతులు చూసుకుంది. తరవాత నోరారా నవ్వింది. “అంటే పరదాలు తీసీమంటన్నారన్నమాట. అప్పన్న బతిమాలితే ఓ వారం తీసినారు గానీ, బయవేసి మళ్లీ ఏసీసుకున్నారు. ఇప్పుడు ఆలే సెప్తన్నారు గదా. తీసేత్తాం బాబూ. ఊరంతా తీసేత్తాం.”

బొట్టు సరిచూసుకుని, సంచీ భుజానికేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా గేటులోకి నడిచిపోయింది.

టెలెక్స్ కింద ఢిల్లీ నుంచి ఇంకో పేరా ఉంది. శాంతమోర్‌లో పరదాల వాడకం ఎక్కువగా ఉన్నట్టు తెలుస్తున్నందున మన చేనేత పరదాల ఎగుమతికి గల అవకాశాలు పరిశీలించి వెంటనే తెలియజేయవలసిందని.

కృష్ణమోహన్ నరసింహ దగ్గర పెన్ను అడిగి తీసుకుని, అక్కడే నిలబడి జవాబు రాసిచ్చాడు.

“పరదాలకు గిరాకీ లేదు. ఒత్తులు పంపండి.”